సముద్రమునకు అడంగలు వలదా?

మన దేశమున సెంటు నేలకైనను లెక్క కలదు. ఏ సర్వే నెంబరున ఏ పైరు వేసిరి, ఏ తూమునుండి నీరు పాఱినది, ఎంత పండినది, ఎంత ఎండినది అను విషయములు ఏటేట అడంగలునందు వ్రాయబడుచున్నవి. కరణముల పదవులు 1984లో రద్దయినవి గాని అడంగలు రద్దు కాలేదు. కాగితమునకు మాఱుగా యంత్రము వచ్చినను లెక్క నిలిచియే యున్నది. గట్టు జరిగినదని తగవు వచ్చినపుడు కొలగొలుసు వచ్చును. వరద వచ్చి పైరు మునిగినపుడు నష్టపు పట్టిక వచ్చును. ఆ పట్టికకు ప్రామాణ్యము నొసగునది వరదకు పూర్వపు వ్రాతయే. పూర్వపు వ్రాత లేనివాడు తన నష్టమును ఎంత మొఱపెట్టుకొన్నను వినువారుండరు. ఈ సత్యమును మా పాఠకులలోని భూస్వాములకు మేము వేఱుగ చెప్పనక్కఱలేదు.

అట్టి పుస్తకము సముద్రమునకు కలదా యని మేము ప్రశ్నించుచున్నాము. ఇచ్ఛాపురము మొదలు తడ వఱకు మన తూర్పు సరిహద్దు సముద్రమే. ఒడ్డునుండి 12 నాటికల్ మైళ్ళ మేర గల జలము 1976 నాటి చట్టము ననుసరించి భారతదేశపు ప్రాదేశిక జలము; అందలి మత్స్యసంపద పాలనము రాష్ట్ర ప్రభుత్వము చేతిలోనిది. కావున ఆ నీటి క్రింది నేల పరాయిది కాదు. మన మాగాణి వంటిదే. ఆ మాగాణిలో నేడేమి యున్నది? నీటి క్రింది బండలపై పగడపు దుబ్బు లెన్ని బ్రతికియున్నవి, ఎన్ని చచ్చినవి? బండసందులలో చేపలెన్ని, శంఖములెన్ని? పదియేండ్ల క్రిందట నున్నవానిలో నేడు మిగిలిన వెన్ని? ఈ ప్రశ్నలకు ఉత్తరముగా అచ్చటచ్చట వ్రాసిన కొన్ని పుటలు చూపగలరు గాని, ఏటేట వరుసగా కట్టిన పుస్తకమును చూపజాలరు.

రేవున దిగిన చేపకు లెక్క యున్నదిగదా యని కొందఱనవచ్చును. ఉన్నది. 1947 ఫిబ్రవరిలో, అనగా స్వరాజ్యమునకు ఆఱు మాసములు ముందుగా, స్థాపితమైన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు రేవులను ఎన్నుకొని, నమూనా పద్ధతిని అనుసరించి, ఏ వలకు ఏ చేప ఎంత చిక్కినదో గణించుచున్నారు. ఆ కృషి శ్లాఘనీయము. కాని గాదెనుండి తీసిన ధాన్యమునకు లెక్క వ్రాసినంత మాత్రమున గాదెలో మిగిలినది ఎంతయో తెలియదు. పడవకు బలమైన యంత్రము కట్టి, వలను పెద్దదిచేసి, మునుపటికంటె దూరము పోయినచో, సముద్రమున చేప తఱుగుచున్నను రేవున దిగు చేప తఱుగక పోవచ్చును. కెనడా దేశమున న్యూఫౌండ్లాండు తీరమున ఇట్లే జరిగినది. అచ్చట మిగిలిన కాడ్ చేపలు ఒక్కచోట గుంపు గూడుటచే వలలు నిండుచునే యుండెను. నిండిన వలలను చూచి సంపద నిండుగా నున్నదని తలచిరి. 1992 జూలైలో ప్రభుత్వము ఆ వేటను నిలిపివేయవలసి వచ్చినది. దాదాపు 30,000 మంది జీవనాధారము ఒక్క ఉత్తరువుతో పోయినది. రేవులెక్క ఒక్కదానినే నమ్ముకొన్నచో కలుగు ఫలమునకు ఇంతకంటె నిదర్శనము అక్కఱలేదు.

మన తీరపు జలచరములను గ్రంథస్థము చేయుట నేటి మాట కాదు. స్కాట్లండు దేశీయుడైన ప్యాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు 18వ శతాబ్దపు చివరి భాగమున కంపెనీ కాలమున విశాఖపట్టణమున నివసించి, జాలరులు తెచ్చిన చేపలను చిత్రింపించి, 200 చేపల వర్ణనలను బొమ్మలతో 1803లో లండనున రెండు సంపుటములుగా ప్రకటించెను. చేపల తెలుగు పేళ్ళను సైతము అందు ఆంగ్లలిపిలో వ్రాసెను. మనము రక్తపింజరి యను సర్పమునకు ఆంగ్లమున ఈతని పేరే పెట్టినారు. కొన్ని చేపజాతుల శాస్త్రనామములందును ఈతని పేరు నిలిచియున్నది. విదేశీయుని శ్రమను మేము తక్కువ సేయము. కాని చేపను పట్టినవారును, దాని పేరు చెప్పినవారును తెలుగువారు. గ్రంథము వెలువడినది లండనున. మన సంపదకు పట్టిక పరుల చేతులమీదుగా పుట్టినది. ఇప్పటికిని ఆ పనిని పరులకే వదలిపెట్టుదుమా యనుట ఆలోచింపదగిన విషయము.

ఆ గ్రంథము వలలో పడి చచ్చిన చేప రూపమును చెప్పును. బ్రతికిన చేప ఎంత లోతున, ఏ బండనొద్ద, ఎన్నింటితో గూడి తిరుగుచుండెనో చెప్పదు. అది తెలిసికొనుటకు నాడు తగిన సాధనములు లేకుండెను. 1943లో ఫ్రాన్సు దేశమున కూస్తో, గాన్యా అను ఇరువురు గాలిబుడ్డిని వీపున గట్టుకొని నీటిలో స్వేచ్ఛగా సంచరించుటకు వీలగు పరికరమును నిర్మించిరి. 1954లో వెర్నన్ బ్రాక్ అను శాస్త్రజ్ఞుడు హవాయి దీవుల పగడపు దిబ్బలపై నీటిలోనే చేపల నెన్ను పద్ధతిని ప్రకటించెను. నేడు లోకమంతట జరుగుచున్న సముద్రగర్భ పరిశీలనలకు మూలము ఇదియే. మన పొలముల సర్వేకును దీనికిని గల పోలిక మిక్కిలి దగ్గఱిది.

ముందుగా చోటును నిర్ణయించి దాని అక్షాంశ రేఖాంశములను వ్రాసికొందురు. ఇరువురు జతగా మునుగుదురు; ఒంటరిగా మునుగరాదు. బండపై ఒకే లోతున 50 మీటర్ల టేపును పఱతురు. ఆస్ట్రేలియాలో పుట్టి పలుదేశములకు ప్రాకిన రీఫ్ లైఫ్ సర్వే అను సంఘమువారి పద్ధతిలో, ఆ టేపునకు ప్రక్కగా 5 మీటర్ల మేర కనబడు చేపల నన్నింటిని జాతివారీగా, పొడవు అంచనాతో సహా ఎన్నుదురు. పిమ్మట 1 మీటరు మేర మరల తిరిగి బండసందులలో దాగిన చిన్నచేపలను, నక్షత్రమీనములను, నత్తలను వెదకుదురు. టేపు వెంబడి అడుగునేలకు ఛాయాచిత్రములు దీయుదురు. నీట తడిసినను చెడని పలకపై పెన్సిలుతో వ్రాసికొందురు. ఒడ్డుకు వచ్చిన దినముననే ఆ వ్రాతను పుస్తకమున కెక్కింతురు. ఈ పనిని శిక్షణ పొందిన సామాన్య ప్రజలును చేయుచున్నారు. శాస్త్రజ్ఞులకు మాత్రమే పరిమితము కాదు.

చూచుటకు సులభముగా దోచు ఈ పనిలో పొరపాటునకు పెక్కు దారులు కలవు. నీటిలో అద్దము వెనుకనుండి చూచువానికి ప్రతి వస్తువును మూడవవంతు పెద్దదిగా కానవచ్చును. కావున తెలిసిన పొడవుగల కఱ్ఱలతో కన్నును సరిదిద్దుకొని గాని చేప పొడవు వ్రాయరాదు. కొన్ని చేపలు మనిషిని చూచి పాఱిపోవును, కొన్ని వింతగా చూచుచు దగ్గఱకు వచ్చును. కావున ఒకే నడకతో, ఒకే దూరమున ముందుకు సాగవలెను. ఎంతదూరము కనబడినది, నీటి వేడిమి ఎంత, వేళ ఏది, మునిగినవా రెవరు అనునవి చేపల సంఖ్యతో పాటు వ్రాయకున్నచో ఆ సంఖ్యకు విలువ లేదు. అన్నిటికంటె ముఖ్యమైనది మఱియొకటి కలదు. వెదకిన జీవి కనబడనప్పుడు కనబడలేదని వ్రాయవలెను. వ్రాయని ఖాళీకిని, వెదకి వ్రాసిన సున్నకును భూమ్యాకాశముల భేదము కలదు. నేడు వ్రాసిన సున్న రేపు ఆ జీవి మరల వచ్చినదని చెప్పుటకు సాక్షి యగును.

కొలిచిన విధమును వ్రాయక కొలతను మాత్రము వ్రాసినచో ఎంత భ్రాంతి కలుగునో మన తీరరేఖయే చెప్పుచున్నది. భారతదేశపు తీరము 7,516 కిలోమీటర్లని చిరకాలము పాఠ్యపుస్తకములందు చదివితిమి. ఇటీవల సూక్ష్మతరమైన పటములతో మరల కొలువగా అది 11,098 కిలోమీటర్లయినది. ఆంధ్రప్రదేశపు తీరము 974 నుండి 1,053 కిలోమీటర్లయినది. ఒడ్డు పెరిగిన దనుకొనుట అవివేకము; మాఱినది కొలబద్ద మాత్రమే. సముద్రగర్భమునకును ఇదియే న్యాయము. ఒక యేడు ఒక చోట ఒక విధముగను, మఱుసటి యేడు వేఱొక చోట వేఱొక విధముగను కొలిచి, చేప పెరిగినది, చేప తఱిగినది యని ప్రకటించుటకంటె మిన్నకుండుట మేలు. అదే చోట, అదే రీతిని, ఏటేట కొలుచుటయే ఈ విద్యయొక్క ప్రాణము.

ఈ ప్రాణము గల లెక్క ఏమి చేయగలదో మన దేశముననే చూడవచ్చును. తూత్తుకుడి సమీపమున ముత్తెపుచిప్పల దిబ్బలను మునుగువారిచే పరీక్షింపజేసి, చిప్పలు ముదిరినవా, తగినన్ని కలవా యని చూచిన పిమ్మటనే ముత్తెముల వేటకు అనుమతి నిచ్చుట పూర్వపుటాచారము. చిప్పలు లేతవైనచో వేట లేదు. సర్కారు రాబడికొఱకే యైనను, ముందు కొలిచి పిమ్మట కోయుట అను ధర్మము అచ్చట నుండెను. అదే మన్నారు సింధుశాఖలో, రామేశ్వరమునకును తూత్తుకుడికిని నడుమ 21 దీవుల చుట్టును గల పగడపు దిబ్బలకు మాత్రము ఆ గౌరవము దక్కలేదు. సున్నమునకును కట్టడములకును పగడపు రాతిని దశాబ్దములపాటు పెకలించుకొని పోయిరి. రెండు దీవులు నీటిపాలైనవి. 1986లో జాతీయ పార్కు ఏర్పడినది. 2001లో పగడములను వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలున చేర్చిరి.

2003 మొదలు 2005 వఱకు తూత్తుకుడిలోని సుగంతి దేవదాసన్ సముద్ర పరిశోధన సంస్థవారు ఆ దీవులచుట్టును మునిగి కొలిచి, 117 జాతుల పగడములకు పట్టిక వేసిరి. పిమ్మటను ఆ కొలతను విడువలేదు. 2016 వేసవిలో నీరు మితిమీరి వేడెక్కెను. పగడపు పురుగు దేహమున నివసించి దానికి ఆహారము నిచ్చు సూక్ష్మమైన నాచు ఆ వేడిమికి వెడలిపోవును. పగడము తెల్లబడి ఆకలిచే చచ్చును. ఆ యేట బ్రతికియున్న పగడము అడుగునేలలో 38.9 శాతమునుండి 22.7 శాతమునకు దిగినదని వారు చెప్పగలిగిరి. లక్షద్వీపములందు 1998 మొదలు 2022 వఱకు అగత్తి, కద్మత్, కవరత్తి దీవులయొద్ద మరల మరల మునిగి చూచిన శాస్త్రజ్ఞులు, 24 ఏండ్లలో బ్రతికిన పగడము సుమారు సగమునకు పడిపోయినదని లెక్క తేల్చిరి. ముందటి యంకె లేకున్నచో ఈ నష్టములు జరిగినట్లు కూడ ఎవరికిని తెలియకపోయెడిది. తరమునకు ఒక తరము తాను బాల్యమున చూచిన సముద్రమే సహజమైన సముద్ర మనుకొని, తాతలనాటి సమృద్ధిని కట్టుకథగా కొట్టివేయుచుండును. ఆ మఱపునకు మందు వ్రాత యొక్కటే.

వ్రాత నష్టమును మాత్రమే గాక నష్టకారణమును సైతము బయటపెట్టును. ఆస్ట్రేలియా దేశపు మహా పగడపు దిబ్బపై ఒక ఈతగాడు పడవ వెనుక త్రాడుతో లాగబడు పలకను పట్టుకొని దిగువకు చూచుచు పోవును. రెండు నిమిషముల కొకసారి పడవ ఆగును. అతడు చూచినదానిని వ్రాసికొనును. ఇంత సామాన్యమైన పద్ధతితో 1985 మొదలు 2012 వఱకు 214 దిబ్బలపై 2,258 పరిశీలనలు జరిపి, పగడము 28 శాతమునుండి 13.8 శాతమునకు తఱిగినదని 2012లో ప్రకటించిరి. తఱుగుదలలో 48 వంతులు తుపానులవలనను, 42 వంతులు పగడమును తిను ముండ్ల నక్షత్రమీనమువలనను, 10 వంతులు నీటి వేడిమివలనను కలిగినవని వేఱువేఱుగ తేల్చిరి. అటుపిమ్మట 2016, 2017, 2020, 2022, 2024 సంవత్సరములలో వేడిమిదెబ్బ మరల మరల తగిలినది. మన పాఠకులు ప్రత్యేకముగా గమనింపవలసినది నక్షత్రమీనపు విషయము. పొలములనుండి కొట్టుకొనివచ్చు ఎరువుసారము సముద్రమున నాచును పెంచి, ఆ నాచును తిను నక్షత్రమీనపు పిల్లల వృద్ధికి తోడ్పడుచున్నదని అచ్చటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. చెఱకుతోటలో చల్లిన ఎరువు ఎన్నియో మైళ్ళకవల పగడపు దిబ్బకు శత్రువైనది.

గోదావరి, కృష్ణా డెల్టాల భూస్వాములు ఈ మాటను పరదేశపు కథగా త్రోసివేయరాదు. మన పొలములయందు చల్లిన యూరియా, మన చెఱువులయందు చేపకును రొయ్యకును వేసిన మేత, మన పట్టణముల మురుగు కాలువలు ఇవన్నియు తుదకు చేరునది బంగాళాఖాతమే. దానివలన ఇచ్చటి సముద్రమున ఎంత హాని కలుగుచున్నదో, లేక కలుగుటలేదో, ఊహించి చెప్పుట మాకు సమ్మతము కాదు. రైతును నిష్కారణముగ దోషిని చేయుటయు, నిష్కారణముగ నిర్దోషిని చేయుటయు రెండును అన్యాయములే. కొలిచి చెప్పవలెనని మాత్రమే మేము కోరుచున్నాము.

లెక్క లేకపోవుటవలన న్యాయమునకు కలుగు కీడు ఇంకను పెద్దది. 2025 మే 25వ తేదిని ఎం.ఎస్.సి. ఎల్సా-3 అను సరకుల ఓడ కేరళ తీరమునకు దూరమున 640 పెట్టెలతో మునిగినది. కేరళ ప్రభుత్వము 9,531 కోట్ల రూపాయల నష్టపరిహారమును కోరుచు హైకోర్టు కెక్కినది. ఇట్టి వ్యాజ్యములలో ఓడ యజమానులు మొట్టమొదట అడుగు ప్రశ్న ఒక్కటే: ఓడ మునుగుటకు పూర్వము అచ్చట ఏమి యుండెను? ఆ ప్రశ్నకు తేదీతో, చోటుతో, సంతకముతో కూడిన ఉత్తరము చూపగలిగినవానికి పరిహారము, చూపలేనివానికి పరితాపము. విశాఖ, గంగవరము, కాకినాడ, కృష్ణపట్నము రేవులకు నిత్యము ఓడలు వచ్చుచు పోవుచున్నవి. అట్టి ప్రమాదము మన యొడ్డున జరిగిననాడు మన ప్రభుత్వ న్యాయవాది చేతిలో ఏ కాగితము పెట్టుదుము?

రామాయపట్నమునను, మచిలీపట్నమునను, మూలపేటయందును క్రొత్త నౌకాశ్రయముల నిర్మాణము చేపట్టబడినది. వానిని మేము వ్యతిరేకింపము. ఓడరేవులేని తీరము వాకిలిలేని యిల్లు. కాని పెద్ద పనికి ముందు పర్యావరణముపై దాని ప్రభావమును అంచనావేయు నివేదికను, ఆ పని తలపెట్టినవారే రుసుము చెల్లించి నియమించుకొన్న నిపుణులు తయారుచేయుట మన దేశమున అమలులోనున్న పద్ధతి. గట్టు తగవులో ఒక పక్షమువాడు కూలి యిచ్చి తెచ్చుకొన్న కొలతగాని కొలతను రెండవ పక్షమువాడు ఒప్పుకొనునా? కొలతగాడు నిజాయితీపరుడే కావచ్చును. అయినను సరిచూచుటకు సర్కారు పటము వేఱుగ నుండవలెను. సముద్రమున ఆ పటమే లేదు.

ఇందులకు మూడు ఆక్షేపణలు వినవచ్చుచున్నవి. మన నీరు కలకగా నుండును, మునిగినను కంటికేమియు కనబడదు అనునది మొదటిది. గోదావరి, కృష్ణల యొండ్రుమట్టి వచ్చి చేరు తీరమున ఇది కొంతవఱకు నిజమే. కాని ఉత్తరాంధ్రమున బండలు గల తీరమున నీరు తేరిన దినములు కలవు. భారత జంతుశాస్త్ర పరిశీలన సంస్థవారు విశాఖ ప్రాంతపు నీటిలో మునిగి చూచి అచ్చట పగడములు గలవని కనుగొనిరి. కన్ను పనిచేయనిచోట వేఱు సాధనములు కలవు. ఎఱ కట్టిన కెమెరాను అడుగున దింపి వచ్చిన చేపలను చిత్రింపవచ్చును. ధ్వనితరంగములతో అడుగునేల రూపును గీయవచ్చును. గ్రుక్కెడు నీటిలో జీవులు విడిచిన కణముల జాడనుబట్టి ఏయే జాతులు తిరిగినవో తెలిసికొనవచ్చును. ఏ సాధనము వాడినను తేదీ, చోటు, విధము వ్రాయుట యను ధర్మము మాఱదు.

ఖర్చు పెద్దది యనునది రెండవది. సముద్రపు లోతులను శోధించుటకై భారత ప్రభుత్వము 2021లో 4,077 కోట్ల రూపాయల పథకమును అంగీకరించినది. 6,000 మీటర్ల లోతునకు మనుషులను దింపు నావను నిర్మించుట అందొక భాగము. దేశమునకు గౌరవము తెచ్చు ఈ యత్నమును మేము హృదయపూర్వకముగా అభినందించుచున్నాము. కాని 6,000 మీటర్ల లోతున ఏమున్నదో చూడబోవు దేశము, 15 మీటర్ల లోతున జాలరి వల క్రింద ఏమున్నదో చూడకుండుట వింత. టేపు, పలక, పెన్సిలు, గాలిబుడ్డి, పడవ, శిక్షణ పొందిన నలుగురు యువకులు ఉన్నచో ఒక చోట కొలత సాగును. కొఱత ధనము కాదు, పట్టుదల.

మూడవ ఆక్షేపణ జాలరులది. దానిని మేము మిగిలిన రెండింటికంటె గౌరవముతో విందుము. లెక్కలు వ్రాయుటకు వచ్చినవారు నేడు చేపల నెన్ని, రేపు ఇచ్చట వేటాడరాదని పలక పాతుదురని వారి భయము. ఈ భయము నిరాధారము కాదు. మన్నారు దీవులయొద్ద జాతీయ పార్కు ఏర్పడిన పిమ్మట, తరతరములుగా సముద్రపు నాచును ఏరుకొని బ్రతుకు స్త్రీలకు నిర్బంధములు కలిగినవి. తన పొలపు అడంగలును చూచుటకు రైతునకు హక్కున్నట్లే, తన సముద్రపు అడంగలును చూచుటకును, తప్పున్న దిద్దించుటకును జాలరికి హక్కుండవలెను. అంతకంటె ముఖ్యముగా, వ్రాయు చేతులలో అతని బిడ్డ చేయి యుండవలెను. ఒడ్డున కొండగుర్తులను చూచుకొని నీటి క్రింది బండ ఎక్కడనున్నదో చెప్పగలవాడు జాలరి. వాని జ్ఞానమును ఉచితముగా తీసికొని, వాని పేరు వ్రాయక విడుచుట రస్సెల్ కాలముతోనే ముగియవలెను.

కావున మా సూచన లివి. రాష్ట్ర ప్రభుత్వము ఉత్తరమునుండి దక్షిణమువఱకు తీరమున కొన్ని చోట్లను శాశ్వతముగా నిర్ణయించి, ప్రతి సంవత్సరము అవే మాసములలో, ఒకే విధమున కొలిపింపవలెను. ఆ పనికి జాలరి యువకులకును యువతులకును నీట మునుగుటయందు శిక్షణయు, వేతనమును, ప్రాణరక్షణకు తగిన సామగ్రియు, బీమాయు ఇయ్యవలెను. వ్రాయు పట్టికలు తెలుగున నుండవలెను. శాస్త్రనామము ప్రక్క ఆయా ఊళ్ళలో వాడుకలోనున్న తెలుగు పేరు నుండవలెను. మూలపు కాగితములను చింపక, దిద్దక భద్రపఱచి, వాని సారాంశమును ఏటేట తెలుగున ప్రకటించి, తీరమున ప్రతి పంచాయతీకిని ఒక ప్రతి పంపవలెను. ఈ పనిని ఏ రేవు కంపెనీ చేతిలోను, ఏ ఒక్క శాఖ చేతిలోను పెట్టక, విశ్వవిద్యాలయముల పర్యవేక్షణమున నుంచుట మేలు. 1950ల దశకమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తుతో కలిసి పనిచేసిన లాఫాండ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు మన తీరమున నీటి క్రింది లోయలను పరిశోధించి వానికి ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ యను పేళ్ళు పెట్టెను. లోయలకు మన పేళ్ళున్నవి. లోయల యంచున తిరుగు జీవులకు మన లెక్క కావలయును.

ప్రభుత్వము కదలువఱకు పౌరులు చేతులు ముడుచుకొని యుండనక్కఱలేదు. 1997లో రీఫ్ చెక్ అను సంఘమువారు పలుదేశముల స్వచ్ఛంద సేవకులతో 300కు పైగా పగడపు దిబ్బలను ఒకే పద్ధతిని కొలిపించిరి. వారికి ఏ ప్రభుత్వమును ఉత్తరువు ఇయ్యలేదు. విశాఖయందును, కాకినాడయందును, మచిలీపట్నమునను విద్యావంతులకు కొదువ లేదు. గుడికి గోపురము, కళాశాలకు భవనము కట్టించిన దాతలకును కొదువ లేదు. ఒక్కొక్క పట్టణమువారు ఒక్కొక్క బండను దత్తత చేసికొని, పదియేండ్లు విడువక కొలిపించుటకు అగు వ్యయము ఒక పెండ్లిపందిరి వ్యయముకంటె మించదని మా నమ్మకము. మన చెఱువుల రొయ్యను విదేశములకు పంపి ధనము గడించినవారు ఇందు ముందు నిలుచుట న్యాయము.

తన సొత్తు ఎంతయో తెలియని వాడు దానిని ఎవరు కొల్లగొట్టినను తెలిసికొనలేడు. పరపాలనమున మన నేలకు శిస్తు కట్టుటకై పరులు సర్వే చేసిరి. స్వపాలనమున మన సముద్రమును కాపాడుకొనుటకై మనమే సర్వే చేసికొనవలసియున్నది. వచ్చు బడ్జెటు సమావేశములలో తీరప్రాంత శాసనసభ్యులు పార్టీభేదము లేక ఈ విషయమును ప్రస్తావింతురనియు, ప్రభుత్వము తొలి కొలతకు తేదీని ప్రకటించుననియు మేము ఆశించుచున్నాము. ఆ కొలతలో మొదటి యేట తేలు అంకెలు మంచివైనను చెడ్డవైనను వానిని మా పత్రికయందు ప్రకటించుటకు సిద్ధముగా నున్నాము.